మలావీ పల్లెలో రెండేళ్ళ మాస్టరీ

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను "ఆఫ్రికా అనుభవాలు" అనే అంశం మీద మాట్లాడమన్నారు. ఆఫ్రికా అంటే 54 దేశాలున్న ఖండం. అందులో నాకు తెలిసింది ఒక దేశం, ఆ దేశంలో ఒక పల్లె, ఆ పల్లెలో ఒక బడి. కనుక అంశాన్ని నా తాహతుకు తగ్గట్టు కుదించుకుంటున్నాను. సింహాల గురించీ ఏనుగుల గురించీ ఎవరూ అడగవద్దని ముందే మనవి. రెండేళ్ళలో మా ఊళ్ళో నేను చూసిన అతి పెద్ద జంతువు ఊరిపెద్దగారి ఎద్దు.

సేవ చేయడానికి పరాయి దేశం వెళ్ళినవాడు పెద్ద పెద్ద కష్టాలు పడి ఉంటాడని అందరూ అనుకుంటారు. పెద్ద కష్టాలకు మనిషి మనసు గట్టిచేసుకునే బయలుదేరతాడు. సుద్దముక్క, వర్షం, బ్యాటరీ, బస్సు, ఇలాంటి చిన్న చికాకులే ఓపికను కొరుక్కు తింటాయి. ఈరోజు వాటి గురించే చెబుతాను. ఆ స్కూలు పేరూ ఊరి పేరూ చెప్పను. వాళ్ళు నన్ను ఇంట్లో మనిషిలా చూసుకున్నారు. వాళ్ళ ఇబ్బందులను మైకులో పేరుపెట్టి చెప్పడం మర్యాద కాదు.

మలావీ అనేది టాంజానియా, మొజాంబిక్, జాంబియాల నడుమ ఇరుక్కున్న సన్నటి దేశం. సముద్రం లేదు, కాని తూర్పు వైపున ఓ మహా సరస్సు ఉంది. బ్రిటిషువారి కాలంలో ఆ దేశం పేరు న్యాసాలాండ్. 1964 జూలై 6న స్వతంత్రం వచ్చింది. 2008 లెక్కల ప్రకారం జనాభా కోటీ ముప్ఫై లక్షలు, అంటే అప్పటి మన ఉమ్మడి రాష్ట్రంలో ఆరోవంతు కూడా లేదు. 1994లో డాక్టర్ బండాగారి సుదీర్ఘ ఏకపార్టీ పాలన పోయి ఎన్నికలు జరిగాయి. కొత్త ప్రభుత్వం వస్తూనే ప్రాథమిక విద్యకు ఫీజులు తీసేసింది. ఒక్క ఏడాదిలో బడిపిల్లల సంఖ్య సుమారు 19 లక్షల నుంచి 30 లక్షల దరిదాపులకు వెళ్ళింది. సుమారు 20 వేల మంది శిక్షణ లేని టీచర్లను హడావుడిగా వేశారు. ఆ పిల్లలు పెద్దవాళ్ళై సెకండరీ స్కూలు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి అక్కడ చోటు లేదు, ఫీజు మాత్రం ఉంది. దూరవిద్యా కేంద్రాలుగా మొదలైన వాటినే తరువాత కమ్యూనిటీ డే సెకండరీ స్కూళ్ళుగా మార్చారు. అటువంటి స్కూలొకదానిలో 2010 ఆగస్టు నుంచి 2012 ఆగస్టు దాకా లెక్కలూ భౌతికశాస్త్రమూ చెప్పాను. పంపినది ఒక స్వచ్ఛంద సేవా సంస్థ. జీతం లేదు. భోజనానికీ పై ఖర్చులకూ ఆ దేశపు క్వాచాలలో భత్యం ఇచ్చేవారు.

మొదటి చికాకు పలకరింపు. నవ్వకండి. పొద్దున్నే బడికి బయలుదేరితే దారిలో ఎదురైన ప్రతి మనిషీ ఆగి, "మ్వాడ్జుకా బ్వాంజీ?" అంటాడు. "ఎలా లేచారు?" అని అర్థం. "బాగానే లేచాను, మరి మీరో?" అని మనం తిరిగి అడగాలి. ఆయన కూడా బాగానే లేచానని చెప్పాక కదలాలి. ఆడపిల్లలైతే మోకాళ్ళ మీద వంగి పలకరిస్తారు. ముప్పావు కిలోమీటరు దారికి అరగంట పట్టేది. మనం ఏడాదికొకసారి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తేనే విసుక్కుంటాం. అక్కడ రోజూ పొద్దున పదిహేనుమందికి ఇచ్చి వెళ్ళాలి. పలకరించకుండా నేరుగా పనిలోకి దిగినవాణ్ణి వాళ్ళు మనిషికింద జమకట్టరు. "సుద్దముక్కలున్నాయా?" అని ఆఫీసులోకి వెళుతూ అడిగితే హెడ్మాస్టరుగారు ముందు నేనెలా లేచానో అడిగి, ఆ తరువాత తీరిగ్గా లేవని చెప్పేవారు.

రెండో సంగతి నా రంగూ రూపూ. తెల్లవాడిని చూస్తే పిల్లలు "అజుంగు" అని అరుస్తూ వెంటపడతారు. నన్ను చూసి "మ్వెన్యే" అనేవారు, అంటే ఇండియన్ అని. ఆ దేశంలో మనవాళ్ళంటే ఎక్కువగా గుజరాతీ వ్యాపారులు, తెల్లవారి కాలంలో వచ్చి స్థిరపడినవారు. 1970లలో బండా ప్రభుత్వం వారిని పల్లెల్లో వ్యాపారం మానిపించి కొన్ని పట్టణాలకే పరిమితం చేసింది. అందుచేత మా ఊరి ముసలివాళ్ళకు మ్వెన్యే అంటే ఒకప్పుడు షాపు పెట్టుకుని, ఆ తరువాత మూసేసి వెళ్ళిపోయిన మనిషి. కుర్రవాళ్ళకు పట్నంలో గల్లాపెట్టె వెనక కూర్చునే మనిషి. నేను వచ్చిన మూడునెలల దాకా "మీ షాపు ఎప్పుడు తెరుస్తారు?" అని అడుగుతూనే ఉన్నారు. "షాపు లేదు, టీచర్ని" అంటే, "అవును, టీచరే, కాని షాపు ఎప్పుడు?" అనేవారు. ఉప్పు, సబ్బు, సెల్‌ఫోన్ కార్డులు అరువడిగినవాళ్ళు కూడా ఉన్నారు. కొన్నాళ్ళకు నా నెరిసిన జుట్టు చూసి "అగోగో" అనడం మొదలుపెట్టారు. అగోగో అంటే తాత. అప్పటినుంచి షాపు ప్రసక్తి తగ్గింది.

తిండి విషయంలో నాకు ఫిర్యాదు లేదు. వాళ్ళ ఎన్సిమా మన సంకటి లాంటిదే, తెల్ల మొక్కజొన్న పిండితో చేస్తారు. చేతులు కడుక్కుని చేత్తోనే తింటారు. ఈ చేత్తో తినడం ఒక్కటే నన్ను వాళ్ళకు దగ్గర చేసింది. నా ముందు అక్కడ పనిచేసిన తెల్ల దొరగారు చెంచా అడిగేవారట! సంతలో "నాన్డోలో" అని అమ్మితే చూద్దును గదా, మన కందులు! ఆ దేశం నుంచి మనకు కందిపప్పు ఎగుమతి అవుతుంది. మన హైదరాబాదు పక్కన పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ సంస్థవారు అక్కడ లిలాంగ్వే దగ్గర చిటెడ్జె పరిశోధనా కేంద్రంలో 1980ల నుంచీ వేరుశనగ మీద పనిచేశారు. కందులు దొరికాక పప్పుకు లోటు లేదు గాని, చింతపండు కోసం రాజధానిలో గుజరాతీ షాపుకు పోవాలి. పోవడం ఎంత కష్టమో కాసేపట్లో చెబుతాను.

ఇక బడి. ఫారం 1లో 90 మందికి పైగా పిల్లలు. లెక్కల పుస్తకాలు పదకొండు. కాంపస్ పెట్టె మొత్తం క్లాసుకు రెండు. మేకుకు తాడు కట్టి నేలమీద వృత్తాలు గీయించేవాణ్ణి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మన పల్లెబళ్ళలో బొగ్గుపొడీ ఆకుపసరూ కలిపి నల్లబల్లకు రుద్దించినవాణ్ణి కనుక ఇవేవీ నాకు కొత్త కాదు. కొత్తది ఏమిటంటే ఆ "యస్ సర్".

"అర్థమైందా?" అంటే 90 గొంతులు ఒక్కసారిగా "యస్ సర్". "ఎవరికైనా అర్థం కాలేదా?" అంటే మళ్ళీ "యస్ సర్". పెద్దవాడు చెప్పినది అర్థం కాలేదనడం వాళ్ళ మర్యాద ప్రకారం ఆయన సరిగా చెప్పలేదని నింద వేసినట్టు. అందువల్ల అందరికీ అంతా అర్థమైపోయేది, పరీక్షలో మాత్రం సున్నాలు వచ్చేవి. దీనికి మందు వెదకడానికి ఒక టర్మ్ పట్టింది. ప్రశ్న అడగడం మానేసి, "పక్కవాడికి ఏ మెట్టు దగ్గర కష్టమవుతుందో చెప్పు" అనేవాణ్ణి. పక్కవాడి కష్టం చెప్పడానికి ఎవరికీ మొహమాటం లేదు!

భాష మరో తంటా. చిచేవా భాషలో "ర", "ల" అక్షరాలకు మనకున్నంత తేడా లేదు, ఒకదాని చోట ఒకటి పలుకుతారు. రేఖాగణితంలో "ప్యారలల్" అనే మాట రాసిన విధానాలు నేను లెక్కపెట్టడం మానేశాను. నా ఇంగ్లీషు యాస వాళ్ళకు ఎంత వింతగా ఉండేదో వాళ్ళు చెప్పలేదు, మర్యాదస్థులు. అంకెలు చూడండి. ఐదు "జిసాను". ఆరుకు వేరే పేరు లేదు, "జిసాను న్డి చిమోడ్జి", అంటే ఐదున్నూ ఒకటిన్నీ. తొమ్మిది అంటే ఐదున్నూ నాలుగున్నూ. ఇక తొంభై తొమ్మిది చెప్పాలంటే ఊపిరి బిగించాలి. అందుకే సంతలో కూడా ధరలు ఇంగ్లీషు అంకెల్లోనే చెప్పుకునేవారు. లెక్కల మాస్టరుగా నాకు మాత్రం ఐదైదుగా కట్టిన ఈ పద్ధతి ముచ్చటేసింది. చేతివేళ్ళు లెక్కపెట్టడం నుంచి పుట్టిన లెక్క అది, కంటికి కనబడుతుంది.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వానలు. స్కూలు కప్పు ఇనుపరేకులు. వాన పెద్దదైతే రేకుల మీద మోతకు నా గొంతు నాకే వినబడేది కాదు. పాఠం ఆపి, బల్లమీద లెక్కలు రాసి, నిలబడి వాన చూడటమే. ఇంట్లో కరెంటు లేదు. సెల్‌ఫోన్ చార్జింగుకు రెండు కిలోమీటర్ల దూరంలోని అంగళ్ళ దగ్గర డబ్బు కట్టి ఇచ్చి రావాలి. సిగ్నల్ కోసం బడి వెనక ఉన్న పెద్ద చెదలపుట్ట ఎక్కాలి. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు మా ఆవిడ "ఎక్కడున్నారు?" అంటే "పుట్టమీద" అని చెప్పేవాణ్ణి. ఆవిడకు అది హాస్యంగా తోచేది కాదు. మన టైము వాళ్ళకంటే మూడున్నర గంటలు ముందు. నాకు సాయంత్రం తీరిక దొరికేసరికి ఇక్కడ అందరూ నిద్రలో ఉండేవారు.

ఒకసారి మలేరియా వచ్చింది. ఎల్.ఏ. అనే మాత్రలిచ్చారు, తగ్గింది. దాని గురించి ఇంతకన్నా చెప్పవలసింది లేదు.

చావుల గురించి మాత్రం చెప్పాలి. ఊళ్ళో ఎవరైనా పోతే బడి నడవదు. టీచర్లు, పెద్ద పిల్లలు అందరూ అక్కడికి వెళ్ళి కూర్చోవలసిందే. ఒక నెలలో నాలుగుసార్లు జరిగింది. సిలబస్ వెనకబడిపోతోందని మొదట్లో నా ప్రాణం కొట్టుకునేది. అప్పటికి ఆ దేశంలో పెద్దవాళ్ళలో ప్రతి పదిమందిలో ఒకరికి హెచ్.ఐ.వి. ఉంది. 2004 నుంచి మందులు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టినా అంతకుముందే ఎంతోమంది పోయారు, వారిలో టీచర్లూ ఉన్నారు. మా ఫారం 2లో అమ్మమ్మల దగ్గర పెరుగుతున్న పిల్లలు సగం కంటే తక్కువ ఉండరు. చావు ఇంటికి పోకుండా సిలబస్ పూర్తిచేసిన మాస్టరు దగ్గరికి ఆ పిల్లల్లో ఒక్కరైనా వచ్చి కూర్చునేవారా అంటే, కూర్చునేవారు కాదు. నేను కూడా వెళ్ళేవాణ్ణి, మగవాళ్ళ వైపు నేలమీద కూర్చునేవాణ్ణి.

2011లో పెట్రోలు కరువు వచ్చింది. దేశం దగ్గర విదేశీ మారకం అడుగంటింది. పట్నాల్లో బంకుల ముందు వాహనాలు రోజుల తరబడి వరుసకట్టేవి. ఆ ఏడు జూలై 20న దేశమంతా నిరసనలు జరిగి కొంతమంది ప్రాణాలు పోయాయి. మా పల్లెకు బస్సు ఎప్పుడూ లేదు. "మటోలా" అని, చిన్న ట్రక్కుల వెనక బస్తాలతోపాటు మనుషుల్ని ఎక్కించుకునేవారు. అదీ ఆగిపోయింది. సైకిలు వెనక కూర్చుని రోడ్డుదాకా పోయి, అక్కడ దేవుణ్ణి తలచుకుంటూ నిలబడటమే. టర్మ్ పరీక్షల పేపర్లు పట్నంలో టైపు కొట్టించి తేవాలి. మనిషి వెళ్ళలేడు, కాగితం రాలేదు. ప్రశ్నలు నల్లబల్ల మీద నాలుగేసి రాసి, పిల్లలు పూర్తిచేశాక తుడిచి మళ్ళీ నాలుగు రాశాను. ఏప్రిల్ 2012లో అధ్యక్షుడు బింగు వా ముతారికా మరణించారు, జాయ్స్ బండాగారు అధ్యక్షురాలయ్యారు. మే నెలలో డాలరుకు 168 ఉన్న క్వాచాను 250కి దించారు. సబ్బూ నూనే ధరలు పెరిగాయి. డి.ఏ. ఎంత గొప్ప వస్తువో నాకు ఆనాడు మలావీలో తెలిసివచ్చింది!

ఇవన్నీ నవ్వుతూ చెప్పగలుగుతున్నాను. ఒకటి మాత్రం అంత తేలికగా చెప్పలేను, అది ఫీజు.

సెకండరీలో ఫీజు ఉందన్నాను గదా. జనవరి టర్మ్ మొదలైన మూడోవారంలో గుమస్తా జాబితా పట్టుకుని క్లాసులోకి వస్తాడు. పేర్లు చదువుతాడు. పేరు చదివినవాళ్ళు పుస్తకం మూసి లేచి ఇంటికి పోవాలి, డబ్బుతోనే తిరిగి రావాలి. నేను బల్లమీద లెక్క సగం చేసి ఉండగా 30 మంది లేచి పోయేవారు. మా దగ్గర మొక్కజొన్న ఏప్రిల్‌లో గాని చేతికి రాదు. జనవరి నుంచి మార్చి దాకా ఆకలి నెలలు, ఒక పూట తినే ఇళ్ళు సగం. డబ్బు ఎవరి దగ్గరా ఉండని నెలల్లో ఫీజు గడువు! హెడ్మాస్టరుగారితో వాదించాను. ఆయన దుర్మార్గుడు కాడు. "సుద్దముక్క, కాపలావాడి జీతం, పరీక్షల టైపు, అన్నీ ఈ ఫీజులోంచే. నేనెక్కడ తేను?" అన్నారు. ఆయన జీతమే నెలలో ఏ తేదీకి వస్తుందో ఆయనకే తెలియదు. వచ్చిన రోజున టీచర్లంతా పట్నం పోయి వరుసలో నిలబడేవారు. ఆ రోజూ బడి లేదు.

2012 జనవరిలో లేచిపోయినవాళ్ళలో ఫారం 2 అమ్మాయి ఒకతె ఉంది. లెక్కల్లో క్లాసుకు మొదటిది. "యస్ సర్" అనకుండా "నో సర్" అనగలిగిన మొదటి పిల్ల. ఫారం 2 చివర జూనియర్ సర్టిఫికెట్ పరీక్ష ఉండేది. గడువులోగా రుసుం కట్టి పేరు నమోదు కాకపోతే ఆ ఏడు పోయినట్టే, ఆడపిల్లకు ఏడు పోతే పెళ్ళి. నా జేబులోంచి కట్టడానికి నాకు పెద్ద మొత్తం కాదు. కాని మా సంస్థ నియమం, ఏ ఒక్క విద్యార్థికీ సొంతంగా డబ్బు ఇవ్వరాదు. ఆ నియమం మంచిదేనని ఇప్పటికీ అంటాను. ఆమెకిస్తే మిగతా 29 మందికి ఏం చెబుతాను? రెండేళ్ళకు నేను వెళ్ళిపోయాక ఎవరిస్తారు? మంచి నియమం కాబట్టి రాత్రి నిద్ర పట్టిందా అంటే అదీ లేదు.

దారి దొరికింది బడి వెనకనే. తల్లిదండ్రుల సంఘం ఎప్పుడో నాటిన నీలగిరి తోపు ఉంది. మా వైపు పొగాకు పండిస్తారు. ఆకు ఆరబెట్టే పందిళ్ళకు సరిగ్గా ఆ నెలల్లోనే వాసాలు కావాలి. వాసాలు అమ్మి, పరీక్ష రాయవలసిన పిల్లలకు అప్పుగా రుసుం కట్టి, పొగాకు వేలం డబ్బు వచ్చాక వసూలు చేయమని టీచర్ల సమావేశంలో ప్రతిపాదించాను. మూడు సమావేశాలు జరిగాయి. మొదటిది ఒక చావు వల్ల వాయిదా. రెండోదానికి ఊరిపెద్ద రాలేదు. మూడోదానిలో ఒప్పుకున్నారు, తొమ్మిదిమందికి. ఆ తొమ్మిదిమంది పేర్లూ నన్ను కాక హెడ్మాస్టరుగారినే రాయమన్నాను. అమ్మాయి పేరు రెండోది.

అయితే అమ్మాయి ఊళ్ళో లేదు, అమ్మమ్మగారి ఊరికి పంపేశారు. డిప్యూటీ హెడ్మాస్టరూ నేనూ చెరో సైకిలు మీద వెళ్ళాం. చేవా జాతివారిలో వంశం తల్లివైపు నుంచి నడుస్తుంది, పిల్లలకు పెద్దదిక్కు మేనమామ. తండ్రిని అడిగి లాభం లేదు. మేనమామ చాప వేయించి కూర్చోబెట్టాడు. ఎలా లేచామో అడిగాడు, వానలు, పొగాకు, మా ఇండియాలో వానలు, అన్నీ అయ్యాయి. నా చూపు గడియారం మీదికి పోతుంటే డిప్యూటీగారు మోచేత్తో పొడిచారు. గంటన్నర తరువాత ఆయనే తనంతట, "పిల్ల కోసం వచ్చారు గదా" అన్నాడు. "ఈమె వస్తే మా అమ్మకు నీళ్ళు ఎవరు తెస్తారు?" అని అడిగాడు. నా దగ్గర సమాధానం లేదు. డిప్యూటీగారి దగ్గర ఉంది. తన చెల్లెలి కొడుకు, పదేళ్ళవాడు, అక్కడికి దగ్గరలోనే ఉంటున్నాడు, పరీక్షలయ్యేదాకా వాడు తెస్తాడు అన్నారు. మగపిల్లవాడు నెత్తిన బిందె పెట్టుకుంటాడా అని మేనమామ నవ్వాడు. సైకిలు మీద డబ్బాతో తెస్తాడని ఈయన అన్నారు. ఆ నవ్వులోనే ఒప్పందం అయిపోయింది. అమ్మాయి మోకాళ్ళ మీద వంగి నాకు నీళ్ళ గ్లాసు ఇచ్చింది. ఆ వంగడం నాకెప్పుడూ నచ్చలేదు, వద్దన్నా మానేవారు కాదు.

తొమ్మిదిమందిలో ఏడుగురు పరీక్ష రాశారు. ఇద్దరు అప్పటికే పనులకు వెళ్ళిపోయారు. నేను దేశం వదిలే నాటికి ఫలితాలు రాలేదు. తరువాత హెడ్మాస్టరుగారు ఉత్తరం రాశారు. ఆరుగురు పాసయ్యారు, అమ్మాయికి లెక్కల్లో మంచి గ్రేడు వచ్చింది, ఫారం 3లో చేరింది. వాసాల అప్పు ఐదుగురు తీర్చారు, ఇద్దరివి బాకీ ఉన్నాయి, వాళ్ళలో అమ్మాయి మేనమామ ఒకడు. "మీరు వచ్చి మళ్ళీ గంటన్నర కూర్చుంటే తీరుస్తాడేమో" అని రాశారు. 2013 తరువాత ఉత్తరాలు లేవు. ఫారం 4 దాటిందో లేదో నాకు తెలియదు. 2018లో ఆ ప్రభుత్వం సెకండరీలో ట్యూషన్ ఫీజు రద్దు ప్రకటించిందని పేపర్లో చదివినప్పుడు ఆ గుమస్తా జాబితా కళ్ళముందు కదిలింది.

మన సభ్యులు ఇద్దరు ముగ్గురు, "ఈ వయసులో మేం కూడా వెళ్ళవచ్చా?" అని అడిగారు. ఆరోగ్యం బాగుంటే వెళ్ళండి. బి.పి. మాత్రలు సరిపడా పట్టుకెళ్ళండి, దోమతెర, మంచి టార్చిలైటు మరవకండి. చింతపండు రెండు కిలోలు ఎక్కువే పెట్టుకోండి. ఇంట్లోవాళ్ళను ఒప్పించే పద్ధతి మాత్రం నన్ను అడగవద్దు, మా ఆవిడ మూడో వరసలో కూర్చుని ఉంది. టీ వచ్చేసినట్టుంది.